నాయనకు చెప్పని రక్తపరీక్ష

మా నాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. కీళ్లవాతమని చెప్పి నెట్టుకొస్తున్నాం. వాడుతున్న మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి తిరుపతి డాక్టరు ఒక రక్తపరీక్ష రాశారు. కణితి నుంచి విడిపోయి రక్తంలో తిరిగే కణాలను అందులో లెక్కపెడతారట. తగ్గితే అదే మందు, పెరిగితే మార్చాలి. చిత్తూరు నుంచి మేం బయల్దేరింది అందుకే.

ఆయనకు నరం దొరకడం కష్టం. అలవాటైన నర్సమ్మే ఉదయం ఆరింటికి ఇంటికొచ్చి, నాలుగుచోట్ల పొడిచి రక్తం తీసి, ట్యూబును డబ్బాలో పెట్టింది. ట్యూబు చల్లబడకూడదని నన్ను మాత్రం పక్కకు పిలిచి చెప్పింది. అవసరమైతే మళ్లీ తీయాలని ల్యాబువాళ్లు ఆయన్నూ తీసుకురమ్మన్నారు. బస్సు కుదుపులకు ఆయన నడుము ఓర్వదని, రానూపోనూ రెండున్నర వేలకు కారు మాట్లాడాను. పూతలపట్టు మీదుగా రెండు గంటల లోపే తిరుపతి. దారిలో చంద్రగిరిలో ఇడ్లీ బాగుంటుందని డ్రైవరు ఆపాడు. నేను దిగి పొట్లం కట్టించుకొచ్చేసరికి పావుగంట పట్టింది.

తొమ్మిదింటికి ల్యాబులో డబ్బా తెరిస్తే ట్యూబు చుట్టూ ఐసు. నాయన ముప్పై ఏళ్లు పాల చిల్లింగ్ సెంటర్లో పనిచేసిన మనిషి. ఆ పావుగంటలో డ్రైవరుతో సోడా అంగట్లో ఐసు తెప్పించి, తనే సర్దాడట.

"పాలే ఇరిగిపోతాయి, రగతం నిలుస్తాదా అని పెట్టినానమ్మా" అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

శాంపిలు పనికిరాదని, చలికి క్యాన్సర్ కణాలు చెడిపోయుంటాయని కౌంటరు అమ్మాయి ఆయన ముందే చెప్పేసింది. తప్పు ఆమెది కాదు. మళ్లీ తీయబోతే రెండు చేతుల్లోనూ నరం చిక్కలేదు; వారం ఆగి రమ్మన్నారు. అంతవరకూ పాత మందే, పనిచేస్తోందో లేదో తెలియకుండానే.

తిరుగుదారిలో నాయన ఒక్కటే అడిగాడు.

"మీయమ్మకు తెలుసునా?"

తెలుసన్నాను.

"దినామూ నా పక్కనే గదా పండుకుంటాది" అన్నాడు.

దాచడమే ప్రేమ అనుకున్నాం. అది మా పిరికితనం. సిగ్గుగా ఉంది. ఈ పరీక్షకు వెళ్లేవాళ్లకు ఒకటే మాట: ట్యూబును ఎట్లా ఉంచాలో, అది దేనికో, ముందు పేషంటుకే చెప్పండి. మేం చెప్పాల్సిన మాటను మా నాయన ముక్కూ మొహం తెలియని పిల్ల నోట విన్నాడు.