ఎనభై ఎనిమిది గ్రాములు

ఆరేళ్ళుగా ఒక సంగతి కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. దాచడం అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మధ్యాహ్నం మా ఆవిడ కంచం ముందు కూర్చునేసరికి, నేను నా కంచంలోకి తల దించేసుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే దమ్ము ఉంటే ఇన్నేళ్ళు పట్టేదా?

ముందు నేనెలాంటివాణ్ణో చెప్పాలి. ముప్పై మూడేళ్ళు హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్సు చెప్పాను. పల్నాడులో సగం మండలాలు తిరిగి, రిటైరయ్యాక నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నాను. పాఠం బాగా చెబుతానని పేరుండేది. ఆ పేరే నన్ను పాడుచేసిందని రాయబోయాను. అబద్ధం. నేను మొదటినుంచీ అంతే. నాకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదనుకునే రకం. మా ఆవిడ ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది. వాళ్ళ నాన్నకు మాచర్లలో కిరాణా కొట్టుండేది. పెళ్ళైన కొత్తలోనే ఆమెది 'కొట్టు చదువు' అని వెక్కిరించాను. నవ్వింది. నవ్విందిగదా అని ముప్పై ఏళ్ళు అదే మాట వాడాను. కొత్త మాట వెతుక్కునే పాటి తెలివి కూడా లేదన్నమాట, ఇంత చదువుకున్న నాకు.

ఆమెకు షుగర్ వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి, పూటకు నూట యాభై గ్రాముల అన్నం తూచి పెట్టుకోమన్నాడు. మా అమ్మాయి గుంటూరు నుంచి వంటింట్లో వాడే చిన్న కాటా పంపింది. పలచటి గాజు పలక, ముందువైపు రెండు బటన్లు. దాంతోపాటు వచ్చిన కాగితాన్ని మడత కూడా విప్పలేదు. త్రాసు పాఠం ఇన్ని వందల మందికి చెప్పినవాడికి కాగితమెందుకు? ఆ రోజు నుంచి ఆమెకు అన్నం పెట్టే పని నేనే తీసుకున్నాను. కాటా ఆన్ చేసేవాణ్ణి. అన్నం వేసిన స్టీలు గిన్నె తెచ్చి దాని మీద పెట్టేవాణ్ణి. నూట యాభై దాటితే స్పూనుతో తీసేసేవాణ్ణి, తగ్గితే నాలుగు మెతుకులు వేసేవాణ్ణి. ఆ నాలుగు మెతుకులు వేసేటప్పుడు నా వాలకం మీరు చూడాల్సింది. ఊరందరికీ అన్నం పెడుతున్న జమీందారులా ఉండేవాణ్ణి.

మూడో రోజో నాలుగో రోజో ఆమె అడిగింది.

"ఏవండీ, గిన్నె బరువు తీసేశారా?"

"ఏంది?"

"మా నాయన కొట్లో నూనె పోసేటప్పుడు ముందు ఉత్త గిన్నె ఒక తట్టలో పెట్టేవోడు. అది సరితూగిందాకా రెండో తట్టలో రాళ్ళేసేవోడు. ఆ తర్వాతే నూనె పోసేది. మరి ఈ గిన్నె..."

"ఏమే, ఇదేమన్నా మీ నాయన కొట్టా? మిషను. అంతా అదే చూసుకుంటది. నువ్వు నాకు తూకం నేర్పుతావా?"

"అట్టా కాదండీ. అన్నం చానా కొంచెం కనపడతా ఉంటేనూ."

"నీ కంటికి కుండెడు పెట్టినా కొంచెమే."

ఆమె మళ్ళీ అడగలేదు.

నెల తిరిగేసరికి షుగర్ తగ్గింది. మనిషీ తగ్గింది. పాత శిష్యులు ఇంటికొచ్చి "మాస్టారి క్రమశిక్షణ" అని మెచ్చుకుంటుంటే కాటా తెచ్చి చూపించేవాణ్ణి. ఆమెకు పదకొండు గంటలకల్లా చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. నాటకాలన్నాను. ఒకసారి డాక్టరు దగ్గర ఆమె ఆ సంగతి చెప్పబోతుంటే మధ్యలో దూరి "ఈవిడకు ఆకలెక్కువండీ" అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

మా పక్కింట్లో షమీమ్ ఉంటుంది. భర్త లారీ మెకానిక్కు. ఆమెకూ మా ఆవిడకూ మేమా ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ స్నేహం. చింతపండు ఒలిచినా, మిరపకాయలు తొడిమలు తీసినా ఇద్దరూ ఒకచోటే కూర్చునేవాళ్ళు. నాలుగో నెలలో ఒక రోజు మా ఆవిడ ఇంట్లో కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. షమీమ్ వాళ్ళ ముందుగదిలో మా ఆవిడ నేల మీద కూర్చుని జొన్నరొట్టె పప్పులో ముంచుకుని తింటోంది. ఆత్రంగా, తల ఎత్తకుండా. నాకు జాలి వెయ్యలేదు. అసహ్యం వేసింది. గడపలో నిలబడి, వీధిలో అందరికీ వినపడేలా, "తిండిపోతు" అన్నాను.

"చేతులు వణుకుతా ఉంటే నేనే పెట్టినా మాస్టారూ, అక్కనేం అనమాకండి" అంది షమీమ్.

మా ఇంటి మనిషిని పాడుచెయ్యొద్దని ఆమెనూ కసిరాను. ఆమె ఇంట్లో నిలబడి, ఆమెను. తర్వాత మా ఆవిడను ఇంటికి తీసుకొచ్చి, వాళ్ళింటి మెతుకు ముట్టనని, ఆ గడప తొక్కనని మా అమ్మాయి మీద ఒట్టు వేయించాను. వేసింది.

పది రోజుల తర్వాత, గిన్నె కడిగి తెచ్చి కాటా మీద పెట్టాను. కాటా ఆన్‌లో ఉంది. ఎనభై ఎనిమిది అని చూపించింది. గిన్నెలో ఏమీ లేదు.

నూట యాభైలో ఎనభై ఎనిమిది పోతే అరవై రెండు. లెక్క రాకపోవడమేంటి, బ్రహ్మాండంగా వచ్చింది. నాలుగు నెలలు ఆమెకు అరవై రెండు గ్రాముల అన్నం పెట్టాను.

అప్పుడు నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఆమె చూసిందేమోనని వెనక్కి తిరిగి చూశాను. పెరట్లో బట్టలు తీస్తోంది. చూడలేదు. హమ్మయ్య అనుకున్నాను. అప్పటిదాకా జరిగింది పొరపాటు. ఎంత పొగరుతో చేసినా పొరపాటే. ఆ హమ్మయ్య మాత్రం పొరపాటు కాదు.

మర్నాడు కాగితం చదివి, గిన్నె పెట్టాక సున్నా చేసే బటన్ నొక్కి, అసలైన నూట యాభై పెట్టాను.

"ఇయ్యాల ఇంత పెట్టారేంది?" అంది బెదురుగా.

"డాక్టరుతో మాట్లాడాను. మాట మీద నిలబడ్డావుగా, పెంచమన్నాడు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! నా తప్పు దిద్దుకుంటూ దాన్ని ఆమెకు బహుమతిగా ఇచ్చాను. ఆమె ఫోన్లో మా అమ్మాయితో "మీ నాన్న పుణ్యమా అని నా నోరు అదుపులోకొచ్చిందే" అని చెప్పింది. పక్కనే కూర్చుని విన్నాను.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చోగానే, వడ్డించేవాళ్ళతో ఆమే ముందు చెబుతుంది, "నేను తిండిపోతును, కొంచెమే వెయ్యండమ్మా" అని. అందరూ నవ్వుతారు. షమీమ్ గేటు దగ్గరికొచ్చి "అక్కా" అని పిలుస్తుంది. మా ఆవిడ వరండాలో నిలబడే మాట్లాడి పంపిస్తుంది. రంజాన్‌కు వాళ్ళింటి నుంచి వచ్చిన గిన్నె మూత తీసి నా ముందు పెడుతుంది, తను ముట్టదు. నేను తింటాను. బాగుంటుంది కూడా. అంత సిగ్గులేని మనిషిని.

ఎందుకు చెప్పలేను? తిడుతుందనా? తిట్టదు. కాకపోతే ఇకమీదట నేనేం చెప్పినా ఒక్క క్షణం ఆగి, నిజమేనా అని నా మొహంలోకి చూస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అలా చూడలేదు. ఆ ఒక్క చూపుకు భయపడి, ఆమెను ఆరేళ్ళుగా తప్పుచేసినదానిలా ఉంచాను. ఇంతకన్నా నీచం ఉంటుందా? ఉంటుంది. అది కూడా చెప్పి ముగిస్తాను.

అన్నం పెంచిన రోజు సాయంత్రం ఆమె నా పక్కన కూర్చుని, షమీమ్ ఇంట్లో రొట్టె తిన్నందుకు క్షమించమని అడిగింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పటికి నాకంతా తెలుసు. అయినా "సరేలే, ఇంకెప్పుడూ అట్టా చెయ్యమాక" అన్నాను.

ఆకలేసి తిన్న మనిషిని నేను క్షమించాను. ఈ మాట ఇన్నాళ్ళకు బయటికి అనగలిగాను. కొంచెం ఊపిరి ఆడుతోంది, నాకు. ఆమె మాత్రం ఇంకా తనే తిండిపోతుననుకుంటోంది.