గడప ముందు చెప్పులు

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. పొద్దంతా చీకటి గోడల మధ్య, చేతులకు గ్రీజుతో, పైకీ కిందికీ తిరగడమే పని. నలభై దగ్గర పడ్డాక ఉన్నట్టుండి మారథాన్ పరుగెత్తుతానన్నాడు. ఎందుకురా అంటే, "నిలువుగా తిరిగి తిరిగి విసుగొచ్చిందక్కా, ఇక అడ్డంగా తిరుగుతా" అన్నాడు. చిన్నప్పటి నుంచీ అమ్మ వాణ్ణి కాలుగాలిన పిల్లి అనేది. ఇన్నాళ్ళకు పిల్లికి దారి దొరికిందని నేను నవ్వాను.

రోజూ ఒకే దారిలో పరుగెత్తితే కాళ్ళు దానికే అలవాటు పడి, పందెం రోజున కొత్త ఎత్తు ఎదురైతే మొరాయిస్తాయని వాడితో పరుగెత్తే పెద్దాయన ఎవరో చెప్పారట. అందుకని ఒకరోజు నీళ్ళ ట్యాంకు మెట్ట ఎక్కేవాడు, ఒకరోజు మెత్తటి మట్టి కోసం కాలువ గట్టు పట్టేవాడు, మరోరోజు గుమ్మానికి ఎదురుగా ఉన్న వీధిలో తిన్నగా రైలు గేటు దాకా పోయేవాడు.

ఏదైనా అయితే ఎక్కడని వెతుక్కోవాలని మరదలు పోరు పెట్టింది. తెల్లారకముందే లేపి చెబితే, నిద్ర పాడు చేశావని మళ్ళీ తనే విసుక్కునేది. చివరికి వాడే ఉపాయం కనిపెట్టాడు. బూట్లు వేసుకుని పోతూ, ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పుల్ని గడప ముందు, ఆ రోజు పోయే దారి వైపు తిప్పి వదిలేవాడు. ఆమె లేచి తలుపు తీసి ఒకసారి చూసుకుంటే చాలు. "మీ తమ్ముడు నాతో మాటలు మానేశాడు వదినా, అన్నీ కాళ్ళతోనే" అని నవ్వేది.

అమ్మ అప్పట్లో నా దగ్గర ఉండేది. ఈ చెప్పుల సంగతి ఆమెకు తెలియదు. కొడుకు పందెం చూస్తానని అడిగితే, పందేనికి ముందే వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఎక్కడికి వెళ్ళినా గుమ్మం ముందు చెప్పులు జతలు కలిపి, ముందు భాగం వీధికి ఎదురుగా తిన్నగా సర్దితే గాని ఆమెకు మనసు నిలవదు.

మర్నాడు ఎండెక్కినా వాడు రాలేదు. మరదలు తలుపు తీసినప్పుడు చెప్పులు రైలు గేటు వైపు చూస్తున్నాయి. ఇద్దరం ఆ దారంతా గాలించాం. టీ కొట్టులో అడిగాం, గేటు కాపలాదారును అడిగాం. ఆ తర్వాత మెట్ట ఎక్కి దిగాం. వాడు కాలువ గట్టు మీద చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. ఊపిరి కొద్దిగా ఆడుతోంది. కాస్త ముందు తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు మా ఇద్దరితో అన్నారు.

దారి మార్చుకున్నవాడు చెప్పులెందుకు మార్చలేదని మరదలు వాడి ముఖంలోకి చూస్తూ అడుగుతూనే ఉంది.

సాయంత్రానికి ఇంటి నిండా జనం. బయట చెప్పుల గుట్ట. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన అమ్మ ఎప్పుడు లేచిందో, గుమ్మం దగ్గర కూర్చుని ఆ చెప్పుల్ని ఒక్కొక్కటే ఏరి జత కలుపుతోంది. అన్నీ తిన్నగా, రైలు గేటు కేసి. పొద్దున మాకన్నా ముందు లేచింది ఆమె. మరదలి ఏడుపు ఆగిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అమ్మ తలెత్తి, "ఎటు పోతున్నాడో నీకైనా చెప్పేవాడు కాదా?" అని అడిగింది.

"లేదత్తయ్యా. ఆయనకి ఆ అలవాటు లేదు."

తర్వాత బతికినన్నాళ్ళూ అమ్మ కోడలి దగ్గరే ఉంది. కొడుకును తలుచుకున్నప్పుడల్లా, ఒక్కమాట చెప్పిపోతే నోటి ముత్యాలు రాలిపోయేవా అని తిట్టేది. ఒకసారి నేను తట్టుకోలేక నోరు తెరవబోతే, మరదలు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, పోయినవాడికి తిట్లు తగలవులే అంది.

అమ్మ కూడా వెళ్ళిపోయింది గనుక ఇప్పుడిది రాయగలుగుతున్నాను.

ఆ రోజుల్లో పనికి బయలుదేరేటప్పుడు మరదలు గుమ్మంలో నిలబడి, ఏ దారిన వెళ్తున్నదీ అమ్మకు వినబడేలా చెప్పేది. "చూశావా, దీనికున్న బుద్ధి వాడికి లేకపోయింది" అనేది అమ్మ నాతో. అంటూనే వంగి, కోడలి చెప్పుల్ని వీధి వైపు తిన్నగా సర్దేది. మరదలు కాసేపు వాటినే చూసి, తొడుక్కుని వెళ్ళిపోయేది.