గ్రహణం లేని దినం నిలవడ్డ రోకలి

"నేను గా పోగు కొరకకపోతే వానికి గట్ల కాకపోవునేమో బిడ్డా" అన్నది మా చిన్నమ్మ.

"ఇంకా గదేనా చిన్నమ్మా! అన్నం తిను, సల్లారుతున్నది" అన్న నేను.

మా ఇద్దరి నడుమ ఆఖరు మాటలు గివే. తెల్లారేసరికి ఆమె లేదు. పోయిన ఎండకాలం సంగతి. నాకు సంతకం ఒక్కటే వస్తది, అందుకే ఇది మా మనుమరాలితోని రాయిస్తున్న. పిల్ల నౌకరి పరీక్షకని జగిత్యాలల చదువుకుంటది. ఇంటికొస్తే ఫోన్ చూసుకుంట లోకంల లేని ముచ్చట్లు చెప్తది. సముద్రంల ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటయట. ఉండనీ, నాకేం పని అనుకుంట. నిన్న చదివినదానికి మాత్రం నా పాణం ఆగలే. ముందుగాల పాత ముచ్చట చెప్పాలె.

నా చిన్నప్పుడు, ఎనిమిదేండ్లుంటయేమో, సిరిసిల్లల మా ఇంట్ల నాలుగు మగ్గాలు ఆడేటివి. మా నాయినమ్మకు వాడకట్టుల పెద్ద పేరు. గ్రహణం పట్టిందంటే ఇత్తడి తాంబాలంల పసుపునీళ్ళు పోసి, నడుమ రోకలి నిలవెడ్తుండె. చెయ్యి ఇడిచినా అది పడకపోవు. గ్రహణం ఉన్నంతసేపే నిలుస్తది, ఇడిసిందంటే పడిపోతది అని అందరి నమ్మకం. అది చూడనీకి వాడకట్టంత మా వాకిట్లనే. నేను ఆమె కొంగు పట్టుకొని రాణి మనుమరాలి లెక్క నిలవడేదాన్ని.

గా యేడు పట్టపగలు సూర్యగ్రహణం వచ్చింది. చిన్నమ్మ అంటే మా చిన్నాయిన పెండ్లాం, కోరుట్ల పిల్ల. అప్పటికి ఏడునెలల కడుపుతోని ఉన్నది. కడుపుతోని ఉన్నోళ్ళు గ్రహణంల ఏదన్న కోసినా, కొరికినా పుట్టే పిల్లకు మొర్రి పడ్తదని ఆమెను చీకటి అర్రల కూసోబెట్టి, నన్ను కావలి పెట్టిన్రు. కదలద్దు, మెదలద్దు. నేతోళ్ళ చేతులు ఊకె ఉంటయా? చీకట్ల నూలు కండె చేతికి తాకింది. తెలవకుంటనే తీసి చుట్టుకుంట చుట్టుకుంట, పోగు కొస పంటితోని టక్కున కొరికింది. తలుపు సందుల వెలుగుకు నేను చూసిన. నేను చూసినట్టు ఆమెకు గూడ ఎరుకే.

రెండునెలలకు కొడుకు పుట్టిండు. పైపెదవి నడిమికి చీలి ఉన్నది. పాలు గుంజుడు వానికి వశం కాకపాయె. చిన్నమ్మ దూదివత్తితోని చుక్కచుక్క పోసేది. ఇది గ్రహణం మొర్రి, ఏం చేసినవో చెప్పు అని ఇంటోళ్ళంత ఆమె మీద పడ్డరు. ఆమె నోరు తెరవలే. నేను తెరిచిన. నన్నెవ్వలు అడగకముందే ఉరికిపోయి, పోగు కొరికింది, నా కండ్లతోని చూసిన అని చెప్పిన. శభాష్ అంటరనుకున్న.

ఇరవయొకటో దినం కోరుట్లకెంచి ఆమె అన్న వచ్చిండు. మా ఇంటోళ్ళు తల్లీపిల్లను తోలుకపొమ్మన్నరు. ఆమెకు కన్న అవ్వ లేదు, పోతే వదినెల చేతుల బతుకు. మళ్ళ తోలుకొస్తమన్న మాట ఎవ్వల నోట రాలే. చిన్నాయిన దిక్కులు చూస్తుండు. తాతయ్య నన్ను నడిమిట్ల నిలవెట్టి మళ్ళొక్కపారి చెప్పుమన్నడు. చెప్పిన. ఈపారి నా గొంతు నాకే ఇనవడలే. చిన్నమ్మ నన్ను తిట్టలే, ఊకె చూసింది. తిడితే మంచిగుండు.

గప్పుడు నాయినమ్మ లేచిపోయి తాంబాలం, రోకలి పట్టుకొచ్చింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఇయ్యాల గ్రహణమెక్కడిది?" అన్నడు తాతయ్య.

ఆమె నీళ్ళు పోసి రోకలి పెట్టింది. పడ్డది. మళ్ళ పెట్టింది. మళ్ళ పడ్డది. పక్కింటామె ముసిముసిగ నవ్వింది. మూడోపారి రెండు చేతులతోని పట్టుకొని, ఊపిరి బిగవట్టి, ఒక్కొక్క ఏలు ఇడిచింది. రోకలి నిలవడ్డది.

ఎరుకలేకుంట గ్రహణం పట్టిందేమో అనుకున్న. వాకిట్లకు ఉరికి మొగులుదిక్కు చూసిన. సూర్యుడు నిండుగ ఉన్నడు, కండ్లు పగిలే ఎండ. లోపలికొచ్చి చూస్తే రోకలి ఇంకా నిలవడే ఉన్నది.

"ఇయ్యాల సూర్యున్ని ఎవలు మింగిన్రు, చెప్పుండ్రి" అన్నది నాయినమ్మ. "దీని అడుగు సాపుగుంటది, కింద తొడిగిన ఇనుపపొన్ను బరువుంటది. ఓపికుంటే ఏ దినమైనా నిలుస్తది. నాకెప్పుడో ఎరుకైంది. మీరంత వచ్చి అవ్వా అవ్వా అంటుంటే మంచిగనిపించి నోరు మూసుకున్న. గ్రహణం ఇడిసిందనంగనే కాలిఏలుతోని తాంబాలం కదిపేది నేనే. గిది అబద్ధమైనంక, గా పోగు మాట నిజమని ఎట్లంటరు?"

"ఇన్నేండ్లు మమ్ముల ఆడిచ్చినవా ముసల్దానా!" అని తాతయ్య బయటికి పోయిండు. చిన్నమ్మ అన్న ఒక్కడే బస్సెక్కిండు. తర్వాత వచ్చిన గ్రహణానికి మా వాకిట్లకు ఒక్కలు రాలే. నాయినమ్మ ఒక్కతే కూసొని నూలు చుట్టుకున్నది. కొన్నాళ్ళకు పిల్లగానికి దవఖానల పెదవి కుట్టిన్రు. ఇప్పుడు మీసాల కింద గీత గూడ కనవడదు.

గంతటితోని చిన్నమ్మ బాధ తీరిందనుకున్న. తీరలే. ఇల్లు దక్కింది గని ఆమె మనసుల గా మాట అట్లనే ఉండిపోయింది.

నిన్న మనుమరాలు చదివిందేందంటే, కడుపుల పిల్లకు పెదవి మూడోనెల నిండకముందే అతుక్కొని తయారైతదట. మళ్ళ చదువుమన్న. మూడుసార్లు చదివిచ్చిన. అంటే, గ్రహణం వచ్చిన్నాటికి వాని పెదవి చీలే ఉన్నది! చిన్నమ్మ చీకటి అర్రల కూసునేటప్పటికే అయ్యేది అయిపోయింది. లేని తప్పును అరవై ఏండ్లు మోసి, మోసుకుంటనే పోయింది. ఆమె అడిగిన్నాడు నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పుడు జవాబున్నది, అడిగేటామె లేదు.

నేను అబద్ధం చెప్పలే. కండ్లతోని చూసిందే చెప్పిన. అయినా ఒక ఆడిమనిషి బతుకు ఆగమయ్యేది. రోకలి నిలవడ్డ గా దినంకెంచి, దీనితోనే గిట్లయింది అని ఎవలన్నా అంటే, అది లేని దినం గూడ చూసినవా అని అడుగుత. నా మొగడు పోయిన్నాడు నా పాదం మంచిదిగాదన్నోళ్ళను గూడ గట్లనే అడిగిన, నా పాదం పెట్టని ఇండ్లల్ల మొగోళ్ళు సస్తలేరా అని.

అయిందా బిడ్డా? నేను ఉరికిపోయి చెప్పిన కాడ మెత్తగ రాయలేదు గద? నా మీద ప్రేమతోని అది ఇడిచిపెడ్తే మాత్రం ఊకోను. మొదటికెంచి చదివి ఇనిపియ్యి.