మార్సెల్ గారి గోత్రం

ఛాయాదేవి ఆంటీకి లేని మనిషినొకణ్ణి తయారుచేసి ఇచ్చాను. పేరు ఎతియెన్. ఒంటి చెవి, సైన్యంలో వంటవాడు, కెప్టెన్ గారి బాతును కాజేసి ఫ్రాన్స్ నుంచి కెనడాకి ఓడెక్కాడు. ఆవిడ భర్త మార్సెల్ గారి వంశానికి ఇతనే మూలపురుషుడని చెప్పేశాను. శుద్ధ అబద్ధం. జర్మనీలోని బ్రెమెన్‌లో ట్రామ్ కోసం నిలబడి అల్లాను.

ఆంటీ మా కింది ఫ్లోర్‌లో ఉంటారు. కాకినాడలో డాక్టరీ చదివి డెబ్బైల్లో ఇక్కడికొచ్చారు. ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరుగా రిటైరయ్యారు. "సగం బ్రెమెన్ని నిద్రపుచ్చాను, నువ్వొక లెక్కట్రా" అంటూ రాత్రిళ్ళు నా పాటల మోత కట్టించేస్తుంటారు. మార్సెల్ గారు కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ నుంచి విమానాల ఫ్యాక్టరీలో పనికొచ్చారు. ఇద్దరూ జర్మన్ క్లాసులో కలిశారు. ఒకరి భాష ఒకరికి రాదు. పోట్లాడుకున్నా జర్మన్‌లోనే, మధ్యలో తప్పులు దిద్దుకుంటూ. పిల్లల్లేరు. పోయినేడాది ఆయన పోయారు.

సంవత్సరీకం తనే పెడతానన్నారు ఆంటీ. వారమంతా సాఫ్ట్‌వేరు, శనాదివారాలు పౌరోహిత్యం చేసే హేమచంద్ర గారు వీడియో కాల్‌లో అడిగారు.

"మూడు తరాల పేర్లూ, గోత్రమూ చెప్పాలండీ."

"పేర్లున్నాయి. గోత్రం ఎక్కణ్ణించి తేను? ఆయన క్యాథలిక్ కదా."

"తెలీకపోతే కాశ్యప గోత్రం అనుకోవచ్చండీ. అలా అనేస్తారు అందరూ."

"కశ్యపుడు మార్సెల్‌కి ఏమవుతాడండీ? వాళ్ళకీ ఓడ దిగిన తాత ఒకడుంటాడుగా. ఆయన పేరే చెప్తాను."

హేమచంద్ర గారు బుర్ర గోక్కున్నారు. "సరే, పేరు తెచ్చుకోండి. ఎలాగో సర్దుతాను."

తెచ్చే పని నా నెత్తిన పడింది. ఫోన్లో నేర్చుకున్న ఫ్రెంచితో మొదలుపెట్టాను. మార్సెల్ గారి ఇంటిపేరు లావెర్ద్యూర్, అంటే పచ్చదనం. ఆ రోజుల్లో ఫ్రాన్స్ సిపాయిలకి పటాలంలో ఇలాంటి మారుపేరొకటి తగిలించేవాళ్ళు. కెనడాలో భూమి దున్నుకుంటూ ఉండిపోయాక, చాలామంది పిల్లలకి అసలు ఇంటిపేరు పోయి మారుపేరే మిగిలింది. పైగా ఒకే మారుపేరు పటాలానికొకడికి ఉండేది. నా బండి అక్కడే ఆగిపోయింది.

ఆంటీ మెట్లమీద కనబడినప్పుడల్లా "దొరికాడా?" అనేవారు. లేదని చెప్పడానికి మనసొప్పక ఎతియెన్‌ని పుట్టించాను. బాతు దగ్గరికొచ్చేసరికి ఆవిడ గోడ పట్టుకుని నవ్వారు. మార్సెల్ గారు పోయాక ఆ నవ్వు వినలేదు నేను. ఇక నిజం చెప్పబుద్ధి కాలేదు.

అంతటితో ఊరుకున్నానా! సరదాకి వాణ్ణి ఆన్‌లైన్ వంశవృక్షంలోనూ ఎక్కించాను. కెనడాలో ఎవరెవరో ఒంటి చెవితో సహా కాపీ కొట్టుకున్నారు. ఒకరోజు ఆంటీ ట్యాబ్ పట్టుకుని పైకొచ్చారు.

"చూడరా, వీళ్ళందరికీ ఈయనే తాతట! మార్సెల్‌కి ఇంతమంది చుట్టాలు!"

అప్పుడు నిజం చెప్పాను. ఆవిడ ట్యాబ్ బల్లమీద పెట్టారు.

"మరి అసలాయన?" అన్నారు.

నా చెట్టులోంచి ఎతియెన్‌ని పీకేశాను. మిగతావాళ్ళు పీకేది లేదన్నారు. ఒకావిడైతే మా తాతను అవమానిస్తావా అని నామీదే లేచింది.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని పాత చర్చి రికార్డుల ఫొటోలు చూశాం. "డాక్టర్ల రాతే చదివాను, ఫాదర్ల రాత చదవలేనా" అని ఆంటీ భూతద్దం పట్టారు. తెలిసిన మూడు తరాల పైన ఇంకొందరు దొరికారు. ఆ పైవాళ్ళ కాగితాలు చర్చితోపాటు తగలబడ్డాయి. అంతకు ముందు అదే మారుపేరుతో ముగ్గురు సిపాయిలు ఓడ దిగారు. వాళ్ళలో ఎవరని చెప్పే కాగితం లేదు. ఇంకేమీ మిగల్లేదని అక్కడి ఆర్కైవ్స్ వాళ్ళూ జవాబిచ్చారు.

ఆ రోజు రానే వచ్చింది. హాల్లో పీటమీద మార్సెల్ గారి ఫొటో, నువ్వులు, అన్నం ముద్దలు. తెరమీద హేమచంద్ర గారు సంకల్పం చదువుతూ మూలపురుషుడి పేరు దగ్గర ఆగారు. ఆంటీ చేతిలో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. మళ్ళీ పోసుకున్నారు. మళ్ళీ కారిపోయాయి.

నేను ఉండబట్టలేక చెవిలో అన్నాను. "ముగ్గురిలో ఎవరో ఒకరి పేరు చెప్పేయండి ఆంటీ. పైనున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"వాళ్ళకి తెలీకపోతే పోనీరా వెధవా. పిలిచేది నేను. ఎవర్ని పిలుస్తున్నానో నాకు తెలియొద్దూ?"