సగమే వచ్చిన మెయిళ్లు

ఎంత గుడ్డ కప్పినా మా క్వార్టర్లో కంప్యూటర్‌లోకి బొగ్గు దుమ్ము దూరేది. ఒక ఎండాకాలం అది కిర్రుకిర్రుమని ఆగిపోయింది. గోదావరిఖని షాపాయన హార్డ్ డిస్కు మార్చి, "పాతదాంట్ల ఉన్నయన్నీ పోయినయన్నా" అన్నాడు, దవాఖాన నుంచి కబురు తెచ్చినంత మెల్లగా.

నాకు పోయినవి మెయిల్ అడ్రసులు. అవ్వకు, అంటే మా అమ్మకు, పోయినవి వేరే. మస్కట్‌లో నర్సుగా చేసే అక్క పంపిన మెయిళ్లన్నీ ఆ డిస్కులోనే ఉండేవి. అవ్వకు చదువు రాదు. బాపు ఉన్నప్పుడు గని నుంచి వచ్చి, స్నానం చేసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగును కూడబలుక్కుంటూ ఆమెకు చదివేవాడు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

"అవి మళ్ల రావా?" అని అవ్వ రోజూ అడిగేది. షాపాయన మీది కోపం ఆమె మీద చూపించి, ఆ తర్వాత నాలుక కరుచుకునేవాణ్ణి.

అక్క ఫోన్ చేసినప్పుడు సంగతి చెప్పాను. తను పంపినవన్నీ తన దగ్గర భద్రంగానే ఉన్నాయట. అన్నీ తిరిగి పంపింది. వాటితో పాటే చుట్టాల అడ్రసులూ దొరికాయి. గొప్ప పని చేసినట్టు అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను.

"నేను మంచిగున్న. డ్యూటీ ఎక్కువైంది. పండుగకు రాను."

తర్వాతిది తెరవబోతుంటే అవ్వ ఆపింది.

"మిగతాదేది?"

"గంతే ఉందవ్వా."

"గంతే ఎట్ల ఉంటది? 'పైకప్పు తట్టి చూసుకుంటనే అడుగేస్తున్న, ఫికర్ చెయ్యకు, యాళ్లకు తిను' అని ఉండె గద. సగమే వచ్చినయ్."

నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. గనిలో పనికి ముందు కర్రతో పైకప్పు తట్టి, చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో లేదో చూస్తారు. నర్సుకు పైకప్పుతో ఏం పని? అక్క ఎప్పుడూ పొడిపొడిగానే రాసేది. మిగతాదంతా బాపు కలిపి చదివాడు. నాకు ఏడుపొచ్చింది.

"అవ్వా, ఆ మాటలు అక్క రాసినవి కావు..."

అవ్వ స్క్రీన్ వైపే చూస్తూ ఉంది.

"మీ బాపువని నాకెరుకనే కొడుకా. గవి గూడ రావాలె గద."