మావయ్య కారులోకి ఎక్కించిన గ్యాసు

పోయిన నెల మా కారు ఏసీ చల్లబడటం మానేస్తే అనకాపల్లిలో ఒక షాపుకి తీసుకెళ్ళాను. చోడవరంలో ఏసీ షాపులు లేక కాదు. ఉన్నాయి గానీ అవి ఉన్న వీధిలోకి నేను వెళ్ళను, ఎందుకో చెబుతాను. షాపాయన బానెట్ ఎత్తి, లోపల అంటించిన గ్యాసు వివరాల కాగితం చెరిగిపోయిందని గొణిగి, "పాత బండండీ మేడమ్. ఇంతకు ముందు ఏ గ్యాసు ఎక్కించేరేటి?" అని అడిగాడు. అంతే అడిగాడు పాపం. తెలియదన్నాను, తర్వాత వస్తానన్నాను, అద్దాలు దించుకుని ఆ ఎండలోనే చోడవరం వచ్చేశాను. మా ఆయన విని, "ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని ప్రశ్నలతో చంపిన మనిషివి, ఒక్క ప్రశ్నకి పారిపోయి వచ్చావా?" అని నవ్వారు. నవ్వనివ్వండి. ఆ రోజు అక్కడ ఉన్నది నేను, ఆయన కాదు.

మా మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. నన్ను ఐదో క్లాసు నుంచీ తనింట్లో ఉంచుకుని చదివించి టీచర్ని చేసినవాడు. చెరకు రైతు. మాట కంటే ముందు చెయ్యి లేచే మనిషి. పొలంలో మోటారు అందుకోకపోతే మోటారుని తన్నేవాడు. టీవీలో బొమ్మ గెంతితే టీవీ నెత్తి మీద ఒక్కటిచ్చేవాడు, అది వెంటనే కుదురుకునేది కూడా. దాంతో లోకంలో ప్రతిదీ కొడితే బాగుపడుతుందన్న నమ్మకం ఆయనకి బాగా ముదిరిపోయింది. చెరకు బళ్ళ వరసలో ముందుకు దూరిన ఒకడిని చెరకు గడతోనే కొట్టాడు, గడ విరిగింది, వాడి పన్నూ విరిగింది. మాడుగుల బస్సులో నా జడ లాగిన వాడిని బస్సాపి దింపి, వాడు దండం పెట్టేదాకా తన్నాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, బస్సు కిటికీలోంచి చూస్తూ ఎంత గర్వపడ్డానో చెప్పలేను. కొట్టించుకునేవాడు మనవాడు కానంతసేపూ దెబ్బలు చూడటానికి బాగానే ఉంటాయి.

ఆయన చెయ్యి లేవనిది ఇద్దరి మీదే. ఒకరు నేను. రెండోది అత్తయ్య. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో కూర మాడిందని ఒకసారి చెయ్యెత్తాడట. ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి, నిప్పున్న కొస ఆయన వైపు తిప్పి పట్టుకుని, "రా, సూద్దాం" అందట. ఆ ఎత్తిన చెయ్యి తల గోక్కుని దిగిపోయిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా అత్తయ్యది అడ్డపొగ. మా వైపు పెద్ద ఆడవాళ్ళకి అలవాటే, చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని హాయిగా పని చేసుకుంటారు. చూసేవాళ్ళకి సన్నగా పొగ తప్ప ఇంకేం కనబడదు. నాకు మాత్రం ఆ అలవాటంటే తల కొట్టేసినట్టుండేది. బళ్ళో పొగాకు చెడ్డదని పాఠం చెప్పి ఇంటికొస్తే, అరుగు మీద మా అత్తయ్య నోట్లో నిప్పు పెట్టుకుని బియ్యం ఏరుతూ ఉండేది. నా స్నేహితులెవరైనా వస్తున్నారంటే అగ్గిపెట్టె నేనే దాచేసేదాన్ని. ఆవిడ నవ్వి, బొడ్లోంచి ఇంకో అగ్గిపెట్టె తీసేది.

ఇక మావయ్య కారు. తొంభైల్లో చెరకు బాగా పండిన ఏడాది కొన్న తెల్ల కారు అది. మా వీధికి మొదటి ఏసీ కారు. పాతికేళ్ళకి దగ్గరపడ్డా మావయ్య దాన్ని అమ్మలేదు, ఇంకొకరిని నడపనివ్వలేదు. సరిగ్గా అప్పుడే అత్తయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు వైజాగు తీసుకెళ్ళి రక్తం కడిగించాలి. మే నెల ఎండ. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి ఒళ్ళు తూలిపోయేది, వేడికి వాంతులయ్యేవి, రెండుసార్లు దారిలోనే స్పృహ తప్పింది. డాక్టరు ఎండ తగలనివ్వద్దన్నాడు. ఆ వారమే కారు ఏసీ చచ్చిపోయింది. అద్దెకి ఏసీ కారు మాట్లాడదామన్నాను. "నా పెళ్ళాన్ని అద్ది కార్లో తీసికెళ్తానేటి? నా సేతులిరిగిపోనేదు" అన్నాడు మావయ్య.

అలా ఇద్దరం కారు వేసుకుని ఏసీ మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. మేస్త్రిది బుచ్చయ్యపేట వైపు పల్లె. చోడవరంలో చిన్న షెడ్డు వేసుకుని కార్ల ఏసీలు బాగుచేసేవాడు. సన్నటి మనిషి, నెమ్మదైన మాట. వాళ్ళమ్మాయి నా క్లాసులోనే చదివేది, అందుకని నన్ను చూస్తే స్టూలు తుడిచి వేసేవాడు. అరగంట గొట్టాలన్నీ తడిమి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి చెప్పాడు. "బాబూ, ఈ బండి పాత గ్యాసు మీద పుట్టింది. ఆ గ్యాసు ఇప్పుడు తయారవదు. ఎవుడైనా ఉందని అమ్మితే అది కల్తీ సరుకే. కొత్త గ్యాసు ఎయ్యొచ్చు గానీ, దానికీ లోపలున్న పాత ఆయిలుకీ పడదు. అంతా కడిగి, కొత్త ఆయిలు పోసి, రబ్బరు రింగులన్నీ మార్చాలి. ఊరికే పైన పోసేస్తే కంప్రెసరు పట్టేస్తది. సామాను వైజాగు నుంచి రావాల. పది రోజులు పడతాది."

పది రోజులంటే అత్తయ్యకి నాలుగు ప్రయాణాలు. మావయ్య మెడ మీద నరం ఉబ్బింది. ఇంకో దారి లేదా అన్నాడు. మేస్త్రి నీళ్ళు నమిలాడు. ఉంది, వంటగ్యాసు జాతిదే, పాత ఆయిలుతోనే పనిచేస్తుంది, ఏమీ మార్చక్కర్లేదు, చల్లగానే ఉంటుంది, కానీ తనకి ఇష్టం లేదన్నాడు. "ఎందుకిష్టం నేదు? రోజూ వంటింట్లో వాడతన్నదే కదా!" అని మావయ్య అరిచాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపటం పూర్తవకుండానే మావయ్య అతని చొక్కా కాలరు పట్టి గోడకి ఆనించాడు. పానాల డబ్బా తన్నుకుని పానాలన్నీ నేల మీద పడ్డాయి. "నా ఆడది సచ్చిపోతాది రా, తెల్సా? సచ్చిపోతాది!" అన్నాడు. కోపంగానే అన్నాడు గానీ గొంతు బొంగురుపోయింది. మేస్త్రి ఆ గొంతుకే లొంగాడు, కాలరుకి కాదు. సామాను వచ్చేదాకా పది రోజులు మట్టుకే ఉంచుతానని, రాగానే అది తీసేసి కొత్త గ్యాసు వేస్తానని ఒప్పుకున్నాడు.

మావయ్య కాలరు వదిలి, మొహం కడుక్కోవడానికి బయట కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు మేస్త్రి నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "టీచరమ్మగారూ, ఇది మండే గ్యాసండి. పాత బండి, లోపల ఏ కాసింత లీకున్నా అద్దాలేసుంటే కార్లో నిండిపోతాది. బాబు తాగరని తెల్సు. ఇంకెవులైనా కార్లో సుట్టా, బీడీ ముట్టిస్తారేటండి?"

నాకు అత్తయ్య కళ్ళ ముందు మెదిలింది. బొడ్లో అగ్గిపెట్టె కూడా మెదిలింది. దానితో పాటే, రేపు ఈయన ఇంటికెళ్ళి భార్యతో చెప్పడం, వాళ్ళమ్మాయి బళ్ళో చెప్పడం, నా క్లాసులో వెనక బెంచీ నుంచి కిసుక్కుమని నవ్వు రావడం, అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. కారులో తాగితే మావయ్య ఊరుకోడు కదా, తాగదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "అబ్బే, మా ఇంట్లో అలాంటివి లేవు" అన్నాను. గొంతులో కాస్త విసుగు కూడా పెట్టాను, అలాంటి ప్రశ్న మమ్మల్ని అడుగుతావా అన్నట్టు. మేస్త్రి నొచ్చుకుని, "తప్పుగా అనుకోకండమ్మా" అన్నాడు. వెళ్ళి గ్యాసు ఎక్కించాడు.

ఏసీ అద్భుతంగా చల్లబడింది. రెండు ప్రయాణాలు అత్తయ్య హాయిగా నిద్రపోతూ వచ్చింది. మావయ్య దారంతా కొడితేనే గానీ ఎవడూ పని చెయ్యడని చెబుతూ నడిపాడు. మూడోసారి, తిరిగొచ్చేటప్పుడు, సబ్బవరం దగ్గర కొబ్బరిబొండాల కోసం ఆగాం. మిట్టమధ్యాహ్నం. వేడి లోపలికి రాకూడదని ఏసీ ఆపకుండా అద్దాలన్నీ ఎత్తి, అత్తయ్యని వెనక సీట్లో ఉంచి, నేనూ మావయ్యా దిగాం. డాక్టరు ఆవిడని నీళ్ళు తక్కువ తాగమన్నాడు, అందుకని బొండం మా ఇద్దరికే. ఎండలో నిలబడి తాగుతుంటే మా మధ్య ఏదో చిన్న తగువు, ఏమిటో గుర్తు లేదు, సమయం కాస్త ఎక్కువే పట్టింది. మొగుడు పక్కన లేని ఆ కాస్త సేపూ అత్తయ్యకి పండగ. పొగాకుతో ఎప్పుడో చచ్చిన ముక్కు ఆవిడది, ఏ వాసనా తెలియలేదు. చుట్ట తీసి పెదాల మధ్య పెట్టుకుని అగ్గిపుల్ల గీసింది.

చప్పుడు అంత పెద్దగా లేదు. లారీ టైరు పగిలినట్టు ఒక్కసారి ధబ్‌మంది. నాలుగు అద్దాలూ బయటికి చిమ్మాయి, ఒక ముక్క నా మోచేతిలో దిగింది. కారు లోపల నీలంగా మంట లేచి, వెంటనే సీట్లు అంటుకుని ఎర్రబడింది. అత్తయ్య కేక వేయలేదు. మావయ్యే వేశాడు, జంతువు అరిచినట్టు. తలుపు రాకపోతే కాలితో తన్ని, కిటికీలోంచి చేతులు దూర్చి, ఆవిడని చంకల కింద పట్టి లాగాడు. కిటికీకి మిగిలిన గాజు ఆయన చేతుల్ని చీరేసింది. బొండాలవాడు గోనెలు తడిపి ఆవిడ మీద కప్పాడు. కనుబొమలు లేవు, పెదాలు లేవు అన్నంతగా మొహం ఉబ్బిపోయింది, కుడిచేతి చర్మం చేతితొడుగులా ఊడి వేలాడింది. ఆ రోడ్డు మీద కూర్చుని ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నాను. తెలిసిన మాట ఒక్కటే ఉంది, దాన్ని మింగేస్తున్నాను.

మర్నాడు ఉదయం, అత్తయ్య బతుకుతుందో లేదో డాక్టర్లు చెప్పకముందే, మావయ్య ఆస్పత్రి నుంచి బయల్దేరాడు. ఎక్కడికో నాకు తెలుసు. బతిమాలుతూ వెంట వెళ్ళాను. చేతులకి కట్లున్నాయి, ఆ కట్ల మీదే రక్తం ఊరుతోంది. షెడ్డు గుమ్మంలో జాకీ రాడ్డు కనబడింది, తీసుకున్నాడు. మేస్త్రి లేచి నిలబడి, "అమ్మకెలాగుందండి బాబూ?" అన్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. "మండిపోయే గ్యాసెడతావురా? ముట్టించొద్దని ఒక్క మాటైనా సెప్పేవురా?" మేస్త్రి కింద పడి, "అడిగేను బాబూ, అడిగేనండి!" అన్నాడు. "ఎవుల్ని అడిగేవురా?"

మేస్త్రి నా వైపు చూశాడు. వీధిలో జనం మూగారు. వాళ్ళలో మా బడి పిల్లల తల్లులు ఉన్నారు. అతను నన్ను చూసి, వాళ్ళని చూసి, నోరు మూసుకున్నాడు. టీచరమ్మ అబద్ధమాడిందని నలుగురిలో చెప్పడానికి ఆ మనిషికి నోరు రాలేదు. రెండో దెబ్బ నడుం మీద. మూడోది పడేటప్పుడు కాచుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. అప్పుడు అరిచాను. "నన్నే అడిగేడు మావయ్యా! అత్తయ్య సంగతి నాకు సిగ్గేసి నేనే లేదన్నాను!"

రాడ్డు కింద పడింది. మావయ్య తిరిగి, కట్టు కట్టిన ఆ చేత్తోనే నన్ను చెంప మీద కొట్టాడు. అంతవరకూ నా మీద పడని చెయ్యి అది. మావయ్య రక్తమో మేస్త్రి రక్తమో నా మొహం నిండా అంటింది. తర్వాత ఆ నూనె మరకల నేల మీదే కూలబడి, మేస్త్రి విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. కేసు పెడదామని జనం అంటే మేస్త్రి వద్దన్నాడు. గ్యాసు ఎక్కించిన చెయ్యి నాదే కదా అన్నాడు.

అత్తయ్య బతికింది. పెదాలు ఒంకరపోయాయి, చుట్ట పట్టడానికి కుదరక మానేసింది. అంతా విన్నాక నన్ను తిట్టలేదు. "ఒసే గుంటా, నా సుట్టకి నాను సిగ్గుపడనేదు, నువ్వెందుకే పడ్డావు?" అని అడిగింది. ఆ తర్వాత రెండేళ్ళే ఉంది, ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మేస్త్రి మణికట్టు సరిగా అతకలేదు. పానా పట్టే పట్టు పోయింది. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఇంకొకరు పని చేస్తున్నారు. క్షమించమని అడగడానికి ఒకే ఒక్కసారి వెళ్ళాను. ఎప్పటిలాగే స్టూలు తుడవబోయాడు, ఎడమచేత్తో. నేను ఏడుస్తుంటే, "ముందే సెప్పుంటే అయిపోను కదమ్మా" అన్నాడు. గ్యాసు ఎక్కించక ముందా, దెబ్బలు మొదలవక ముందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మొదటి దెబ్బకీ మూడో దెబ్బకీ మధ్య రెండుసార్లు ఊపిరి తీసుకునేంత కాలం ఉంది. ఒక్క మాట చెప్పడానికి అది చాలా ఎక్కువ సమయమని, అది గడిచిపోయాక గానీ నాకు తెలియలేదు.