పండుమిరపకాయ రంగు పెండ్లి చీర

పోయిన నెల మా చిన్నమ్మ చనిపోయింది. స్నానం చేయించి పడుకోబెట్టాక, సంఘం ఆడవాళ్ళలో పెద్దావిడ నా వైపు తిరిగి, "పెట్టె తెరువమ్మా, ఆయమ్మ పెండ్లి చీర తియ్యి" అంది. మా క్రైస్తవుల ఇళ్ళలో అదొక ఆచారం. గుడిలో పెండ్లికి కట్టిన తెల్లచీరను ఉతికి, మడిచి, పెట్టె అడుగున వేస్తారు. మళ్ళీ అది బయటికి వచ్చేది మనిషిని మట్టిలో పెట్టే రోజే. ఒక్క చీరతో రెండు ప్రయాణాలు. ఇంత పొదుపు కరువు సీమలో తప్ప ఇంకెక్కడా పుట్టదు. కానీ చిన్నమ్మ పెట్టెలో తెల్లచీర ఉండదని నాకు తెలుసు. తాళంచెవి పట్టుకుని ఊరికే నిలబడిపోయాను.

మాది విడపనకల్లు దగ్గర పల్లె. యాభైల చివర్లో అక్కడి ఎండ సంగతి చెబితే అబద్ధమంటారు, అయినా చెబుతాను. బావిలో చేద వేస్తే చప్పుడు మర్నాడు వినిపించేది. వాన పడుతోందంటే చూడడానికి చుట్టాలు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు, వాళ్ళు బండి దిగేలోపల అది వెళ్ళిపోయేది. అలాంటి ఏడు మా అమ్మ రెండో కాన్పులో పోయింది. పెట్టె అడుగునున్న ఆమె పెండ్లి చీరకు ఇంకా కొత్తవాసన పోలేదు. దాన్ని అమ్మకు కట్టింది చెల్లెలైన చిన్నమ్మే. కుచ్చిళ్ళు పోస్తూ ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదనీ, మర్నాడు మాత్రం సున్నం కొట్టిన గోడను చూసి వాంతి చేసుకుందనీ మా అవ్వ చెప్పేది.

తర్వాత కొన్నాళ్ళకు చిన్నమ్మకు గుమ్మఘట్ట వైపు సంబంధం కుదిరింది. చీర కోసం తాతతో ఉరవకొండ వెళ్ళిన మనిషి, అంగడిలో పరిచిన తెల్లచీరలన్నీ దాటిపోయి పండుమిరపకాయ రంగు చీర మీద చేయి పెట్టింది. అదేం ఎరుపో! వాకిట్లో ఆరేస్తే కోళ్ళు మళ్ళీ తెల్లవారిందనుకుని కూసేవి. "నీకేం పుట్టిందే? గుడిలో పెండ్లికి తెల్లదే గదా కట్టేది" అన్నాడు తాత. "అక్కకు నా చేతుల్తోనే కట్టినా నాయనా. మల్లా నాకు నేనే కట్టుకోల్నా?" అంది చిన్నమ్మ. తాత ఆ చీరే కొన్నాడు.

మిగతా జనానికి నోళ్ళున్నాయి గదా. తెల్లచీర లేనిదే గుడిలో అడుగు పెట్టనివ్వనన్నారు మా పాదిరి అయ్యగారు. ఆయన గొంతెత్తితే గుడి పెంకులు లేచి, కాస్త ఆలోచించుకుని మళ్ళీ కూర్చునేవి. పెండ్లికొడుకు తల్లి అంత దూరం నుంచి ఎండలో నడిచి వచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, "ఏమప్పా, తెలుపు వద్దంటాందంటే మీ పిల్లలో ఏదో లోపముండాదని ఊరు అనుకోదా? మేము వేరే పిల్లను చూసుకుంటాం" అనేసింది. ఇంకో సంబంధం నడిచివచ్చే ఇల్లు కాదు మాది. చేలో పంట లేదు, చిన్నమ్మ చంకలో నేనున్నాను. తెల్లచీర కట్టుకొమ్మని అవ్వ చిన్నమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. చిన్నమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ, "పెండ్లి లేకుంటే లేకపోయె" అని మాత్రం అంది. చేట ఆగిపోవడం అవ్వ ఒక్కతే చూసింది.

తల్లి వెనకాలే వచ్చిన పెండ్లికొడుకు అంతదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎంత సన్నటివాడంటే, ఆయనకు నీడ వేయాలా వద్దా అని సూర్యుడు తడుముకునేవాడు. ఆయన నేరుగా అయ్యగారి దగ్గరికి పోయి, "గుడి లోపల కుదరకుంటే వసారాలో చేయండి సామీ. దేవునికి అంత దూరం కనపడదా?" అని అడిగాడట. అలాగే జరిగింది. అయ్యగారు గడపకు లోపల, వాళ్ళిద్దరూ గడపకు బయట. చాపల మీది జనమంతా ఇటు తిరిగి కూర్చున్నారు. దేవునికి వీపు చూపించి చూసిన పెండ్లి జిల్లా మొత్తానికి అదొక్కటే అయ్యుంటుంది.

ఆమీదట కరువు పనులొచ్చాయి. చిన్నమ్మ, చిన్నాయన రోడ్డుకు కంకర కొట్టడానికి పోయేవాళ్ళు. తక్కిన చీరలు పీలికలయ్యాక పెండ్లి చీరే దిక్కయింది. మిగతా ఆడవాళ్ళ తెల్లచీరలు పెట్టెల్లో చల్లగా నిద్రపోతుంటే చిన్నమ్మ ఎరుపు మాత్రం కంకర కుప్పల మీద ఎండకు కూలి చేసింది. ఒక వేసవికి గులాబీ అయింది, ఇంకో వేసవికి ఉల్లిపొర. కొంగు మాత్రం ఆ చీరతో పనికి పోయిన మొదటి వారమే చిరిగితే, అప్పుడే మడిచి కుట్టుకుంది. చిన్నాయన పోయి, గుంతలో దించినప్పుడు కూడా చిన్నమ్మ అదే కట్టుకుని ఉంది. ఆ తర్వాత అది నాకు కనబడలేదు.

పెట్టె తెరిచాను. అడుగున పాత దుప్పటి మడతలో ఉందది. పెద్దావిడ విప్పి చూసి, "ఓయమ్మా, ఇది తెల్లదే గదా! రంగుది కట్టిందని జనం ఏందేందో చెప్పుకుండ్రి" అంది. నిజమే, సున్నంలా తెల్లగా ఉంది. మా ఎండకు అయ్యగారి కన్నా ఓపిక ఎక్కువ. నేను కొంగు అందుకుని, మడిచిన చోట పాత కుట్టును పంటితో తెంపాను. లోపల వేలెడు వెడల్పున పండుమిరపకాయ ఎరుపు, నిన్ననే అంగడి నుంచి వచ్చినట్టు. "ఇది పైకి కనపడేటట్టు కట్టండి" అన్నాను. పెద్దావిడ ఆ ఎరుపు గుండెల మీదికి వచ్చేటట్టు కొంగు సర్దింది.

కాలం మా సీమలో ఏ రంగునూ మిగల్చదు. కాకపోతే, మడత విప్పి చూసే తీరిక దానికి లేదు.